మన చెలకలో నీళ్లు ఎటు పోతాయి? పటం మీద కాంటూరు గీతలు చదివే పద్ధతి



2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో కురిసిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క రోజులో మా ఘట్‌కేసర్ మండలంలో 30 సెంటీమీటర్లు దాటి పడింది. నగరంలో మునిగిన కాలనీలను టీవీలు రోజుల తరబడి చూపించాయి. మా చెలకలో జరిగింది ఏ టీవీలోనూ రాలేదు. ఇవాళ అది చెబుతాను. ఎందుకంటే అందులో తప్పు నాదే, ఆ తప్పు ఇప్పటికీ చాలామంది రైతులు చేస్తున్నారు.

మాకున్నది నాలుగు ఎకరాల ఎర్ర చెలక. ఆ ఎండాకాలంలో జేసీబీ పెట్టి నేలకు అడ్డంగా ఒక కందకం తవ్వించాను. మీటరు వెడల్పు, మీటరు లోతు, 120 మీటర్ల పొడవు. గెట్టుకు సమాంతరంగా తాడు కట్టినట్టు సూటిగా వచ్చింది. చూడ్డానికి చాలా బాగుంది, ఫోటోలు తీసి గ్రూపుల్లో కూడా పెట్టుకున్నాను. వాన పడ్డ తెల్లారి వెళ్లి చూస్తే కందకం ఒక చివర తెగిపోయి ఉంది. మూడేళ్లు ఘనజీవామృతం వేసి, ఆచ్ఛాదన కప్పి తయారు చేసుకున్న పైమట్టి కొట్టుకుపోయింది. అంతకంటే పెద్ద బాధ ఏంటంటే, ఆ మట్టి పోయి కింది చెలక కాక వరి మీద మేట వేసింది. ఇంకో పది రోజుల్లో కోయాల్సిన వరి.

కాక గట్టు మీద నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్క మాట అన్నాడు: "బిడ్డా, నువ్వు తవ్వింది కందకం గాదు, కాలువ."

నష్టంలో సగం డబ్బు కట్టిచ్చాను. కాక తీసుకున్నాడు. తీసుకోవాల్సిందే కదా. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నేను అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో చదువుకున్నవాణ్ని. కాంటూరు గీతల మీద పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. సొంత నేల మీదికి వచ్చేసరికి కంటి అంచనాతో జేసీబీ నడిపించాను.

ఎత్తు అంటే మీకు ఎప్పుడో తెలుసు

కాంటూరు అనగానే ఇదేదో ఇంజనీర్ల వ్యవహారం అనుకుంటాం. కానీ వానాకాలంలో రోజూ పేపర్లో మనం చదివే అంకెలు ఇవే. నాగార్జునసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. శ్రీశైలం 885 అడుగులు. హుస్సేన్ సాగర్ 513.41 మీటర్లు.

హుస్సేన్ సాగర్ అర కిలోమీటరు లోతు ఉంటుందా? ఉండదు కదా. ఆ అంకెకూ లోతుకూ సంబంధం లేదు. సముద్ర మట్టాన్ని సున్నా అనుకుంటే, నిండిన హుస్సేన్ సాగర్ నీటి పైభాగం దానికి 513.41 మీటర్ల ఎత్తున ఉంటుందని అర్థం. ఘట్‌కేసర్ స్టేషన్‌లో ఈసారి రైలు కోసం నిలబడినప్పుడు పసుపు పచ్చ బోర్డు కింది భాగం చూడండి. స్టేషన్ పేరుతో పాటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. రోజూ చూస్తాం, ఎన్నడూ చదవం.

ఈ అంకెలు పక్కపక్కన పెడితే చాలా విషయాలు తెలుస్తాయి. నాగార్జునసాగర్ 590 అడుగులంటే సుమారు 180 మీటర్లు. అంటే నిండు సాగర్ నీళ్ల కంటే హుస్సేన్ సాగర్ 330 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మన నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీళ్లను అంత దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోయాల్సి వస్తున్నది అందుకే. అదే మూసీ మాత్రం ఏ మోటారూ లేకుండా నగరం దాటి, ఉప్పల్ పక్కగా, మా ఘట్‌కేసర్ కింద నుంచి తూర్పుకు పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీళ్లకు ఎవరి పాసుబుక్కుతోనూ పని లేదు. ఎక్కడ తక్కువ ఎత్తు ఉంటే అటు పోతాయి.

చెరువు అంచే కాంటూరు గీత

ఇప్పుడు నిండిన చెరువును ఊహించుకోండి. నీటి అంచు వెంబడే చుట్టూ నడిచారనుకోండి. మీరు ఎక్కడా ఎక్కలేదు, దిగలేదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఒకే ఎత్తులో ఉన్నారు. ఆ నడిచిన దారే కాంటూరు గీత. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీత, అంతే.

చెరువు ఒక మీటరు ఎండితే నీటి అంచు లోపలికి జరుగుతుంది. అక్కడ ఇంకో గీత. శిఖం భూమి చదునుగా ఉన్నవైపు నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, అంటే రెండు గీతల మధ్య దూరం ఎక్కువ. రాళ్లగుట్ట ఉన్నవైపు రెండడుగులు కూడా జరగవు, గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. పటం చదవడంలో సగం విద్య ఇదే: గీతలు దూరంగా ఉంటే వాలు తక్కువ, దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ.

నాచారం నుంచి కనిపించే మౌలాలి గుట్ట పటం మీద ఎలా ఉంటుందంటే, బొటనవేలి ముద్రలాగా ఒకదాని లోపల ఒకటి చుట్టలు చుట్టలుగా. ఇటు వరంగల్ రోడ్డు మీద పోతే భువనగిరి కోట ఉన్న బండ కూడా అంతే, గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తాయి. మూసీ పక్కన పొలాల్లోకి వచ్చేసరికి గీతలు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి.

మన పటం ఎక్కడ దొరుకుతుంది

ఈ పటాలు తయారు చేసేది సర్వే ఆఫ్ ఇండియా. 1767లో మొదలైన సంస్థ. మనవాళ్లకు తెలియని విషయం ఏంటంటే, ఆ సంస్థ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం మన ఉప్పల్‌లోనే ఉంది. ఇప్పుడు దాన్ని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ జియో ఇన్ఫర్మాటిక్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ అంటున్నారు. నేను ఉప్పల్ మీదుగా కూరగాయల బండి ఎన్నిసార్లు తోలానో లెక్కలేదు. లోపల ఏం నేర్పుతారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250 ఏళ్ల సందర్భంగా 'నక్షే' పేరుతో పోర్టల్ తెచ్చి, ఓపెన్ సిరీస్ పటాలను ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. మన ఘట్‌కేసర్, ఉప్పల్ ఉండే పటం పాత నంబరు 56కె/11. కొత్త సిరీస్‌లో ఈ44ఎం11. స్కేలు 1:50,000. అంటే పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పటం అంచుల్లో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఫోన్‌లో మీ చెలక లొకేషన్ తీసి వాటితో కలుపుకుంటే మీ చోటు దొరుకుతుంది.

పటం మీద గోధుమ రంగు గీతలు కాంటూర్లు. మన వైపు పటంలో ఒక గీతకూ పక్క గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. ప్రతి ఐదో గీత మందంగా ఉంటుంది: 400, 500 అలా. మిగతా రంగులు తేలిక. పచ్చది అడవి, పసుపు సాగు భూమి, ఎరుపు ఇళ్లు, రోడ్లు. నీలం నీళ్లు. వానాకాలంలోనే పారి ఎండిపోయే ఒర్రెలు, వాగులు నల్ల గీతలుగా ఉంటాయి. చెరువు కట్ట పక్కన '5ఆర్' లాంటి గుర్తు కనిపిస్తే, కట్ట పక్క నేల కంటే 5 మీటర్ల ఎత్తు ఉందని అర్థం. అది సముద్ర మట్టం నుంచి కాదు, గుర్తుపెట్టుకోండి.

పటం ముందు పెట్టుకుని నాలుగు ప్రశ్నలు

ఒకటి, ఏ వైపు ఎత్తు? పక్కపక్క గీతల మీద అంకెలు చూడండి. 480 నుంచి 460 వైపు నీళ్లు పారుతాయి. గీతను నిట్టనిలువుగా కోస్తూ పోయే దారే నీళ్ల దారి.

రెండు, వాలు ఎంత? రెండు గీతల మధ్య పటం మీద 2 సెంటీమీటర్లు ఉందనుకుందాం. అంటే నేల మీద 1,000 మీటర్ల దూరానికి 20 మీటర్ల దిగుడు. వాలు 2 శాతం. అదే ఒక సెంటీమీటరే ఉంటే 4 శాతం.

మూడు, గీత ఎటు వంగింది? ఇది చాలా ముఖ్యం. గీత కొడవలి మొనలాగా వంగి, ఆ మొన ఎత్తు వైపు చూపిస్తుంటే అది పల్లం, అక్కడ నీళ్లు చేరి పారతాయి. మొన దిగువకు చూపిస్తుంటే అది మెరక, అక్కడి నుంచి నీళ్లు రెండు పక్కలా చీలిపోతాయి.

నాలుగు, నా మీదికి ఎంత నేల నీళ్లు వస్తాయి? మీ చెలకకు ఎగువన ఉన్న మెరకలను పెన్సిల్‌తో కలుపుతూ పోతే ఒక సంచిలాంటి ఆకారం వస్తుంది. దానిలో పడ్డ వాన మీ వైపే వస్తుంది. 2 మిల్లీమీటర్ల గడి అంటే నేల మీద 100 మీటర్లకు 100 మీటర్లు, ఒక హెక్టారు, సుమారు రెండున్నర ఎకరాలు. గళ్లు లెక్కపెట్టుకోండి చాలు.

నేను ఈ నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మా చెలకకు ఎగువన ఉన్న గీత కొంచెం వంగి ఉంది, మొన ఎత్తు వైపు. ఆ మొన నుంచి సన్నటి నల్ల గీత ఒకటి దిగి మా నంబరు మీదుగా పోతున్నది. ఒర్రె! నేను పుట్టినప్పటి నుంచి అక్కడ ఒర్రె చూడలేదు. ఎప్పుడో దున్ని చదును చేశారు. గళ్లు లెక్కపెడితే 16 వచ్చాయి. అంటే 40 ఎకరాల నీళ్లు. పటం మీద ఆ 40 ఎకరాలు చిటికెన వేలి గోరంత.

పటం పట్టుకుని కాక దగ్గరికి పోయాను. ఆయన పటం వైపు చూడనే లేదు. "ఆడ ఒర్రె ఉండె గదా. మా నాయిన కాలంల వాన పడ్తె ఎడ్లు దాటకపోతుండె" అన్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పటం మాత్రం ఆ ఒర్రెను మరిచిపోలేదు, నీళ్లూ మరిచిపోలేదు.

లెక్క చూద్దాం

ఒక ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2 లక్షల లీటర్లు. 40 ఎకరాల మీద 80 లక్షల లీటర్లు. అందులో నాలుగో వంతే పారిందనుకున్నా 20 లక్షలు. నా కందకంలో పట్టేది 1 లక్షా 20 వేల లీటర్లు. ఆ రోజు పడింది 5 సెంటీమీటర్లు కాదు, 30కి పైగా.

కాబట్టి కందకం నిండడం మామూలే. నిండాక ఎక్కడ పొర్లాలో నేను ముందే అనుకోకపోవడం తప్పు. మన పెద్దలు మత్తడి లేకుండా ఏ చెరువూ కట్టలేదు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు పోతుంది. మరి నా కందకానికి మత్తడేది?

పటం చెప్పలేనిది

పటంతో పని అయిపోయిందనుకోకండి. 1:50,000 పటం మీద మా నాలుగు ఎకరాలు నువ్వు గింజంత ఉంటాయి. గీతల మధ్య తేడా 20 మీటర్లు. చెలక లోపల అడుగు ఎత్తు తేడా, జానెడు తేడా అందులో కనిపించవు. పటం మనకు చుట్టుపక్కల సంగతి చెబుతుంది: నీళ్లు ఎవరి మీది నుంచి వస్తున్నాయి, ఎవరి మీదికి పోతున్నాయి. కందకం గీత మాత్రం నేల మీదే పట్టుకోవాలి.

ఫోన్‌లో ఎత్తు చూపించే యాప్‌లతో కందకం గీయకండి. ఫోన్ జీపీఎస్ ఎత్తు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, మనకు కావాల్సింది సెంటీమీటర్లలో. పైగా కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా ఉపగ్రహ లెక్కల్లో వాడే ఊహా భూగోళం నుంచి ఎత్తు చూపిస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో ఆ రెండింటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. పటంలో ఒక అంకె, ఫోన్‌లో ఒక అంకె కనిపిస్తే కంగారు పడకండి.

మేస్త్రీ లెవల్ పైపుతో కాంటూరు గీత

ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర ఉండే పారదర్శక పైపు చాలు. ఇద్దరు మనుషులు కావాలి.

12 నుంచి 15 మీటర్ల పైపు తీసుకుని నీళ్లు నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది. ఒకే పొడవున్న రెండు కర్రలకు కింది నుంచి సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, పైపు చివరలు వాటికి కట్టండి. రెండు కర్రలనూ ఒకే చోట పక్కపక్కన నిలబెట్టి, నీళ్లు ఒకే గుర్తు దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి.

మొదటి మనిషి ఒక చోట కర్ర నిలబెట్టి అక్కడ గూటం కొట్టాలి. రెండో మనిషి పది మీటర్ల దూరం పోయి, రెండు కర్రల మీద నీళ్లు ఒకే గుర్తుకు వచ్చేదాకా ఎగువకో దిగువకో జరగాలి. వచ్చిన చోట గూటం. తర్వాత మొదటి మనిషి ముందుకు వస్తాడు. ఇలా చెలక ఆ చివరి దాకా పోవాలి. గూటాలన్నీ కలుపుతూ ముగ్గు పోస్తే వచ్చేదే మీ కాంటూరు గీత. అది వంకరగా వస్తుంది. వంకరగా ఉందని సరిచేయకండి. జేసీబీ డ్రైవరు సూటిగా తవ్వుతానంటాడు, పక్కనే నిలబడి ముగ్గు మీదే నడిపించండి.

ఇదే పైపుతో నా పాత కందకాన్ని కొలిచాను. ఈ చివరకూ ఆ చివరకూ 60 సెంటీమీటర్ల తేడా. 120 మీటర్ల పొడవు మీద 60 సెంటీమీటర్లు ఏ కంటికీ కనిపించదు. నీళ్లకు అది చాలు. మొత్తం ఒక మూలకు చేరి తెంపేశాయి. కాక కాలువ అన్నది అక్షరాలా నిజం.

రెండోసారి ఎలా తవ్వాను

పని ఎగువ నుంచి మొదలుపెట్టాను. ఎర్ర చెలకల్లో సాధారణంగా 50 మీటర్లకు ఒక కందకం సరిపోతుంది. తవ్విన మట్టి దిగువ వైపే పోయించాను. ఒకే పొడవాటి కందకం బదులు, మధ్య మధ్యలో కొంత తవ్వకుండా వదిలి ముక్కలు ముక్కలుగా చేశాను. ఒకటి తెగినా మిగతావి నిలబడతాయి. కట్ట మీద వట్టివేరు, గ్లిరిసిడియా, కంది పెట్టాను.

పాత ఒర్రె దారిని మాత్రం మూయలేదు. గడ్డి పెంచి, రాళ్లు పరిచి అలాగే వదిలాను. కందకాల మత్తళ్లన్నీ అందులోకే. అది కాక చెలకలోకి పోయే చోటు ఇద్దరం కలిసి నిర్ణయించాం. మాకు నాలుగైదు గుంటలు పోయాయి, నిజమే. కానీ ఆ తర్వాత మా మట్టి కాక పొలంలోకి పోలేదు. ఒక మాట, నల్లరేగడి ఉన్నవాళ్లు ఇలాగే చేయకండి. అక్కడ నీళ్లు నిలిచి పంట ఎర్రబడుతుంది. వాటికి నీళ్లు మెల్లగా బయటికి పోయేలా కొంచెం వాలుతో గట్లు వేసే పద్ధతి వేరే ఉంది.

భూమి కొనే వాళ్లకు కూడా

మా దగ్గరికి శని, ఆదివారాల్లో ఫాంప్లాట్లు చూడ్డానికి చాలామంది వస్తుంటారు. రోడ్డు, బోరు, కాగితాలు అన్నీ అడుగుతారు. నీళ్ల దారి ఎవరూ అడగరు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి ఈ పటం తెరవండి. ప్లాటు ఉన్న చోట పాత కుంట, ఒర్రె ఉన్నాయేమో చూడండి. చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం అంటే కూడా ఒక కాంటూరు గీతే. ఎండిన ఏడాది ఆ గీత లోపల నేల చదునుగా, చవకగా కనిపిస్తుంది. నిండిన ఏడాది చెరువు తన గీత దాకా తాను వస్తుంది.

పైపుతో గీత పట్టడం, పటంలో ఒర్రెను గుర్తించడం రెండూ ఈ పోస్టుతో ఉన్న వీడియోలో మా చెలకలోనే చేసి చూపించాను. పైపు పట్టుకుని రెండో కర్ర దగ్గర నిలబడింది కాకనే. తొలకరికి ముందే మీ పటం దించుకుని, ఎగువన ఎన్ని ఎకరాలున్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాతే జేసీబీకి ఫోన్ చేయండి.